జీరో టికెట్

"ముందలికి జరుగుండ్రి, లోపల జాగున్నది" అని
దినాం రెండొందల సార్లన్న అంట.
నా లోపల జాగ లేదని
ఈ ఆర్నెల్లల్ల ఎవ్వలకూ చెప్పలే.

మా ఆయన బిక్షపతి
మోండా మార్కెట్ల ఎల్లిగడ్డ అమ్మేటోడు.
ఆయన కేకేస్తే
రైలు దిగి పోయేటోళ్లు గూడ
సంచి పట్టుకొని ఇటే మర్లేటోళ్లు.
ఆ నోట్లెనే పుండు లేసింది.
నాలిక సగం తీసిన్రు.
ఇప్పుడు ముక్కుల పైపు,
చేతుల మా బిడ్డ రెండో తరగతి పలక.

పలక మీద ఏం రాస్తడు?
"పాలు పల్చగున్నయ్."
"ఫ్యాను."
"డ్యూటీ ఎన్నింటికి?"
గంతే. రాస్తడు, తుడుస్తడు.
నేను గూడ గంతే.
మందు పోసిన్నా, దిండు జరపాల్నా,
కరెంటు బిల్లు మల్ల ఎక్కువొచ్చింది.
ఇద్దరం ఒక్కటే మాట దాసిపెట్టుకున్నం
ఒకలకు తెల్వకుంట ఒకలం,
ఒక్కటే అర్రల.

చూడొచ్చినోళ్లంత ధైర్యం చెప్పిపోతరు.
"నువ్వే గట్టిగుండాలె, నువ్వే గిట్లయితే ఎట్ల?"
అందరూ అయిదొందల నోటే తీస్తరు,
చిల్లర ఎవ్వల దగ్గరుండదు.
నాకు కావల్సింది చిల్లర.
ఓ పది నిమిషాలు
ఆయన పక్కన కూసునేటోళ్లు,
నేను తలకు పోసుకొని వచ్చేదాక.

రెడ్ హిల్స్ దవాఖాన్ల
మందుల కిటికీ దాటినంక ఓ చిన్న అర్ర.
రెండు కుర్చీలు, కాలూగే స్టూలు.
ఫర్హీన్ మేడమని ఉంటది.
ఆయన్ను అడిగేటివన్నీ అడిగింది,
పలక మీదికి వంగి నిమ్మలంగ చదువుకున్నది.
ఇగ లేద్దామనంగ
నా దిక్కు తిరిగింది.
"అమ్మా, మీకు నిద్ర పడ్తుందా?"

నాకా?
ఫైలు మీది పేరు నాది గాదు గద.
ఆయన నొప్పికైతే ఓ గీత గీసి
పదిల ఎంత అని అడుగుతరు,
నాది ఏ గీత మీద పెట్టాలె?

బస్సుల ఆడోళ్లకు పైసల్లేవు.
అయినా టికెట్ కొట్టాలె, సున్నా అని.
కొట్టకపోతే
ఆ మనిషి బండే ఎక్కనట్టు.
ఆ ఒక్క మాటతోటి ఆమె
నా చేతుల జీరో టికెట్ పెట్టింది.
ఏం రాలే దానితోటి, ఏం పోలే.
నేను గూడ ఎక్కిన్నని
యాడనో లెక్కల పడ్డది.

ఏడ్సిన. మస్తు ఏడ్సిన.
ఖాకీ కోటు చేతితోటి ముక్కు తుడుసుకున్న.
ఊకో అనలేదు ఆమె.
ఫ్యాను జర తగ్గించింది.

ఆయన పలక గుంజుకున్నడు.
అయిదక్షరాలు, శానసేపు రాసిండు.
"భయమైతుంది."
నాకు నోరున్నది. అయినా
బలపం అందుకొని కింద రాసిన.
"నాకు గూడ."

ఆ పొద్దు ఎవ్వలం తుడవలే.
ఇంటికొచ్చినంక బిడ్డ చూసింది.
'గూడ' కొట్టేసి 'కూడా' అని దిద్దింది,
టీచరు లెక్క పక్కకు టిక్కు పెట్టింది.
ఆగి, ఏమనుకున్నదో,
అన్నిటికంటే కింద
తన పేరు రాసుకున్నది: రవళిక.
దానికేం తెల్వదనుకున్నం మేము.

మొన్న ఆదివారం నా బండిలనే ఎక్కించుకున్న,
ఊకెనే, ట్యాంక్‌బండ్ దాక, గాలికి.
లక్డీకాపూల్ల జనం దిగినంక
నేను రైట్ అనకముందే
బండి రేకు మీద రెండు దెబ్బలు కొట్టిండు.
డ్రైవరన్న అద్దంల చూసి
ఏమనకుంట గేరేసిండు.

గురువారం రిపోర్టొస్తది.
ఏమొస్తదో తెల్వదు.
రాత్రి మూడింటికి ఇప్పుడు గూడ మెలకువొస్తది,
కాకుంటే లైటేస్తం,
పలక మంచం మీదనే ఉంటది.

ఇయ్యాల తలకు పోసుకున్న.
కింది పోర్షన్ల ఇక్బాల్ వాళ్లమ్మ వచ్చి
ఆయన పక్కన కూసున్నది.
పది నిమిషాలని చెప్పి
గంట.